చేయి ఆరేదాకా

నా నోరు మంచిది కాదని మా ఊర్లో చిన్నాపెద్దా అందరూ అంటారు. అననీండి. ఆ నోరు ఒక్కసారి మాత్రం సరైన వేళకు తెరుచుకుంది. నిజానికి అంతకు ఎనిమిది రోజుల ముందే తెరుచుకోవలసింది. అప్పుడు బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాను. ఆ సంగతి కూడా దాచను.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం అది. ఊరంతా డేరాలేనని, ఆఫీసులు కూడా డేరాల్లోనే నడుస్తున్నాయని చూసొచ్చినవాళ్లు కథలు కథలుగా చెప్పేవాళ్లు. కట్టడాలకు నాపరాయి కావాలి గనక బండి ఉన్న ప్రతివాడికీ పని దొరికింది. నా మొగుడు పెద్దన్న కూడా ఎద్దులబండి కట్టుకొని బేతంచెర్ల నుంచి కర్నూలుకు రాయి తోలేవాడు. పది రోజులకోసారి ఇంటి ముఖం చూసేవాడు. ఓర్వకల్లుకు రెండు కోసుల దూరంలో, రాళ్లగుట్టల నడుమ ఉంటుంది మా ఊరు. ఇంట్లో నేను, మా అత్త ఈరక్క, నా మూడేళ్ల కూతురు ఓబులమ్మ. ఓబులికి ముందు నాకు ఇద్దరు కడుపులోనే పోయారు. కళ్లలో పెట్టుకొని పెంచుకుంటున్న పిల్ల అది.

కర్నూలుకు పని వచ్చింది, పని వెంట జనం వచ్చారు, జనం వెంట అమ్మవారూ వచ్చింది. మశూచి అని పుస్తకాల్లో రాస్తారు. మేం ఆ మాట నోటితో అనం. 'అమ్మ పోసింది' అంటాం, అది కూడా గొంతు తగ్గించి. శివరాత్రికి కర్నూల్లో ఉన్నది ఉగాదికి ఓర్వకల్లు చేరింది. బండ్లు నడిచే దారినే నడిచొచ్చింది తల్లి.

మా అత్త సంగతి చెప్పాలి. ఆమె ముఖం నిండా గుంటలే. చిన్నప్పుడు అమ్మ పోసి, బతికి బయటపడిన మనిషి. అందుకని ఊర్లో ఎవరికి అమ్మ పోసినా మొదటి కబురు ఆమెకే. గడపకు వేపమండలు కట్టేది, పసుపు నీళ్లు చల్లేది, సుంకులమ్మ గుడి ముందు అంబలి పోసేది అంతా ఆమే. ఆమె ఊ అంటే మా వీధి ఊ, ఆమె ఊహూ అంటే ఊహూ. ఆడవాళ్లలో రెడ్డి మాటకన్నా ఆమె మాటే ఎక్కువ చెల్లేది. నేనంటే ఆమెకు పడదని కాదు, నా నోరంటే పడదు.

ఒకనాడు తలారి తప్పెట కొట్టుకుంటూ వచ్చాడు. రేపు పొద్దున టీకాలాయన వస్తున్నాడని, పిల్లలందరినీ చావడి దగ్గరికి తేవాలని, తేనివాళ్లకు జుల్మానా అని చాటింపు. ఆ సాయంత్రం మా అరుగు మీద ఆడవాళ్ల సభ కూడింది.

"సూది ఏపిస్తే అమ్మకు కోపమొస్తాది" అంది ఒకామె.

"ఏపియ్యకుంటే రెడ్డికి కోపమొస్తాది" అంది ఎదురింటి తిరుపతమ్మ.

"ఆ మందు దూడ ఒంట్లోంచి తీస్తారంట. పాపం కాదా?" అంది ఇంకొకామె.

అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె నోట్లో ఆకు నమలడం అయ్యేదాకా ఆగి, తీరుబడిగా చెప్పింది.

"ఏపిస్తాం. రెడ్డి సూస్తాండంగానే ఏపిస్తాం. ఆడనుంచి చావడి ఎనకాల గోడ సాటుకొచ్చి, ఏపాకు పసుపు నీళ్లతో కడిగేస్తాం. సర్కారు మాట సర్కారుకు, అమ్మ మాట అమ్మకు. ఎవురికీ కోపం రాదు."

అబ్బా, ఏం బుద్ధి, ఏం బుద్ధి అని అందరూ మెచ్చుకున్నారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడమంటారే, పడవ ముఖం చూడని మా ఊర్లో ఆ పని మేం చేసి చూపించాం.

"కడిగేదానికైతే ఏపిచ్చేది యాలత్తా?" అన్నాను నేను.

"నీకు తెల్దు, గమ్మునుండు. నేను ఒక బిడ్డకు ఏపిచ్చి సూసినదాన్ని."

నా మొగుడి కన్నా ముందు ఆమెకు బాలక్క అని ఒక కూతురుండేదని, నాలుగేళ్లప్పుడు అమ్మ పోసి చచ్చిపోయిందని నాకు తెలుసు. ఆ పిల్లకు టీకా వేయించారని మాత్రం అప్పుడే విన్నాను.

"టీకా ఏపిచ్చిన నెలలోనే నా బాలికి అమ్మ పోసింది. ఇంటికొచ్చే తల్లిని సూదితో పొడిచి పొమ్మంటే కోపం రాదా మరి?" అంది మా అత్త. ఎన్నేళ్లుగానో నమ్మిన మాటను చెప్పినట్టు చెప్పింది.

ఆ మాటకు అరుగంతా లొంగిపోయింది. నేనూ లొంగాను. వేయిస్తే నా పిల్ల పోతుందేమో, వేయించకపోతే పోతుందేమో, ఎటు తిరిగినా భయమే. వేయించి కడిగేస్తే రెండు భయాలూ తప్పుతాయంటే ప్రాణం హాయిగా అనిపించింది. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

టీకాలాయన పేరు ప్రేమయ్య. కమలాపురం వైపు మనిషి, క్రైస్తవుడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆ ఏడే ఉద్యోగంలో చేరాడట. సైకిలు వెనక ఒక మట్టికుండ, కుండ చుట్టూ తడిపిన గోనెపట్ట. మందు ఉండే గాజు గొట్టాలు ఆ కుండలో. దించేటప్పుడు చంటిపిల్లను దించినట్టు దించేవాడు. పొద్దున్నే వచ్చాడు గాని మా వీధివాళ్లం పోలేదు. పోయేదానికి తీరికేది, ఇళ్లలో వేపాకు నూరుతున్నాం కదా! చూసి చూసి ఆయన ఊరి బయట పాలెంలో మొదలుపెట్టాడు. మా బావి కింది చేలో కలుపు తీసే జీవమ్మ తన ముగ్గురు పిల్లల్నీ వరసగా నిలబెట్టి అందరికన్నా ముందు వేయించింది. మేం చావడికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

ఆయన మందు చుక్క చేతి మీద వేసి, చిన్న ఇనుప ముక్కను చర్మానికి ఆనించి గిర్రున తిప్పేవాడు. చేతికి రెండు చొప్పున నాలుగు అచ్చులు. పిల్లలు ఊరెగిరిపోయేలా ఏడ్చారు.

"ఆరేదాకా నీళ్లు తగలనీయొద్దమ్మా. తుడవొద్దు, పసుపు పూయొద్దు. నీడన కూసోబెట్టండి. ఎనిమిదో దినం వచ్చి సూస్తా, అప్పటికి ఈడ పొక్కు లేసిండాల" అని ఒక్కో తల్లికీ విసుగు లేకుండా చెప్పాడు.

మేం ఒక్కొక్కరం బుద్ధిగా తల ఊపాం. ఆ ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అటునుంచి అటే గోడ చాటుకు పోయాం. ఇత్తడి బిందెలో వేపాకు పసుపు నీళ్లు ఇంటినుంచి మోసుకొచ్చింది నేనే. నేను చెంబుతో పోస్తుంటే మా అత్త రుద్ది రుద్ది కడిగింది. పదకొండు మంది పిల్లలు. ఆఖరున ఓబులి.

"అమ్మా, ఆ అయ్య ఆరనీ అన్నాడు గదా" అంది నా కూతురు.

మూడేళ్ల పిల్లకు ఉన్న జ్ఞానం నాకు లేకపోయింది. "గమ్మునుండు" అని నీళ్లు పోశాను.

మాకు కోసు దూరంలో ఉన్న కొత్తపల్లెలో అప్పటికే అమ్మ పోసి ఉంది. ఆ వారంలోనే మా ఆయనతో జంటగా బండి తోలే నాగన్న కొడుకు, ఏడేళ్లవాడు, పోయాడు. పెద్దన్న ఆ కబురు తెచ్చి, ఊరి బయటే బండి ఆపి నన్ను పిలిపించాడు. ఎండకు మాడి, మనిషి సగమయ్యాడు.

"అంత్యానికి నేనూ పోయింటి భీమక్కా. ఈ గుడ్డలతో ఇంట్లోకి రాను. నాకు కర్నూల్లోనే టీకా ఏసినారు. ఓబులికి ఏపిచ్చినారు గదా?"

"ఏపిచ్చినాం" అన్నాను. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

"ఐతే భయం లేదులే" అని నవ్వి బండి మళ్లించుకున్నాడు. నేను నేరుగా ఇంటికి పోయి ఓబులి చేతులు పట్టి చూశాను.

ఆనాటి నుంచి లేస్తూనే ఓబులి చేతులు చూడడమే నా పని. గీతలు మాని, పిల్లి గీరినంత గుర్తు కూడా మిగల్లేదు. పాలెంలో జీవమ్మ పిల్లలకు నాలుగో రోజుకే ఎర్రగా లేచి, ఏడో రోజుకు నీరు పట్టిన పొక్కులయ్యాయి.

"ఏంమా, మీ పాపకు లేయలేదా?" అని జీవమ్మ చేలో అడిగితే, "మా పిల్లది మందం తోలు" అన్నాను. ఎలా తిరుగుతుందో చూశారు కదా నా నోరు! ఆ పొద్దంతా కలుపు పీకుతూ పైరు కూడా పీకేశాను.

ఎనిమిదో రోజు ప్రేమయ్య వచ్చాడు. పాలెంలో పద్నాలుగు మందికీ పొక్కులు లేచాయని ముఖం వెలిగిపోతూ చావడికి వచ్చాడు. మా పిల్లల చేతులు ఒక్కొక్కటే పట్టుకొని చూశాడు. ఒకటి చూశాడు, రెండు చూశాడు. ఐదో పిల్లకు వచ్చేసరికి ఆయన ముఖం మాడిపోయింది. పదకొండూ చూసి, ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు.

"నాదే తప్పు" అన్నాడు. "ఆ దినం మీ వీధికి వచ్చేతలికి ఎండ ముదిరింది. గోనెపట్ట ఆరిపోయింటాది, నేను సూసుకోలేదు. ఎండకు మందు సచ్చిపోయినట్టుండాది."

చావడిలో కూర్చున్న రెడ్డి లేచి నిలబడ్డాడు. "ఏమప్పా, సచ్చిన మందుతో మా పిల్లోళ్లను గుచ్చిపోతివా? మీ ఆపీసరుకు అర్జీ పెడతా సూడు."

"పెట్టండి. నేనే రాసిస్తా" అన్నాడు ప్రేమయ్య తల ఎత్తకుండా. "ఈ కుండలో ఉండేటివి ఆ దినం మిగిలిన గొట్టాలే. వీటిని పట్టుకొని ఈ పొద్దు కొత్తపల్లెకు పోదామనుకున్యా. ఇంక వీటిని నమ్మేదానికి లేదు. కొత్తది మద్రాసు నుంచి రావాల. పదైదు దినాలు పడతాది."

"అంతవరకు?"

"అంతవరకు మీకూ లేదు, కొత్తపల్లెకూ లేదు."

పదిహేను రోజులు! నాగన్న కొడుకుకు జ్వరం తగిలిన నాటి నుంచి పోయేదాకా పట్టింది పదకొండు రోజులే. ప్రేమయ్య ఒక పుల్ల తీసుకొని చావడి పక్క గుంట తవ్వడం మొదలుపెట్టాడు. చెడిన మందు ఎవరి చేతికీ చిక్కకుండా పగలగొట్టి పూడ్చాలని వాళ్ల నియమం. ఆయన కళ్లలోంచి నీళ్లు ఆ గుంటలోనే పడుతున్నాయి. మా ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా పెదవులు కదలడం కనిపెట్టి తిరుపతమ్మ నా మోచేయి గిల్లింది.

"గమ్మునుండు మే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది" అంది చెవిలో.

మా అత్త ఓబులిని చంకనెత్తుకొని గోడకు ఆనుకొని నిలబడి ఉంది. నన్ను చూసి, కూడదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ప్రేమయ్య ఒక గొట్టం గుంట అంచున పెట్టి రాయి ఎత్తాడు. నాకు ఆ రాయి ఓబులి నెత్తి మీద పడబోతున్నట్టే అనిపించింది.

"ఆపప్పా!" అని అరిచాను. ఊరి చివర కుక్క కూడా మొరిగింది, అంత గట్టిగా అరిచాను. "మందు సావలేదు. మేమే కడిగేసినాం. ఆ గోడెనకాల, పదకొండు మందికీ కడిగినాం. బిందె మోసినదాన్ని నేనే."

ప్రేమయ్య ఎత్తిన రాయి ఎత్తినట్టే ఉంది. రెడ్డి నోరు తెరిచినవాడు మూయలేదు. మా అత్త ముఖం ఎర్రబడి, గుంటలన్నీ నల్లగా తేలాయి.

"నీ నోరు పడ! ఇంటి గుట్టు చావిట్లో పరుస్తావంటే?" అంటూ మీదికి వచ్చింది. "మందు బాగుంటే మాత్రం ఏం ఒరిగిందే? నా బాలికి ఏపిచ్చింది బాగుండే మందే. పోలేదా నా బిడ్డ? నెల తిరక్కుండా పోలేదా?"

ప్రేమయ్య రాయి కింద పెట్టాడు. "అవ్వా, ఆ పాపకు చేతి మీద పొక్కు లేసిందా?" అని మెల్లగా అడిగాడు.

"లేయలేదు. ఏం?"

"మంచి మందైతే లేయాల గదవ్వా. యాల లేయలేదు?"

మా అత్త చూపు ఆయన మీదినుంచి జారి ఆ గోడ వైపు పోయింది. అప్పుడు నాకు అర్థమైంది. అడగకూడదనుకుంటూనే అడిగాను. నా జన్మలో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"అత్తా, బాలక్క చేయి కూడా కడిగినారా?"

ఆమె నన్ను చూసింది. ఓబులిని గుండెకు అదుముకొని గిరుక్కున తిరిగి ఇంటికి పోయింది. నేను వెంట పరుగెత్తేసరికి తలుపు వేసి గడియ పెట్టింది.

"తలుపు తియ్యత్తా" అని కొట్టాను. లోపల ఓబులి ఏదో అడగడం వినిపించింది. చావడి దగ్గర జనమంతా మా ఇంటి వైపే చూస్తున్నారు. నాకు సిగ్గు లేదు, కోపం కూడా లేదు. గడపలో కూర్చొని తలుపుకు చెవి ఆనించాను. చాలాసేపటికి లోపలినుంచి అత్త గొంతు వచ్చింది. తలుపుకు అటు పక్క ఆమె కూడా నేల మీదే కూర్చున్నట్టుంది.

"మా అత్త కడిగింది. నేను చెంబు పట్టుకున్యా." తలుపు చెక్కకు తల ఆనించిన చప్పుడయింది. "మంటగా ఉండాదని ఏడిసింది నా బాలి. గమ్మునుండమని కసిరినా."

నేను తలుపుకు అరచెయ్యి ఆనించాను.

"ముప్పై ఏండ్లు ఆ సుంకులమ్మ మీద ఏసుకుంటా వచ్చినా భీమక్కా. నా బిడ్డను నువ్వే తీసకపోతివి అని ఒక పక్క తిట్టుకుంటా, ఇంకో పక్క ఆమె కోపానికి దడిసి అంబలి పోస్తా ఉంటి. అమ్మ ఏం జేసింది? నేను జేసుకున్యా."

"అత్తా" అన్నాను. "నీకు ఎవురూ సెప్పలేదు, తెల్దు. నాకు ఆయన నోరిడిసి సెప్పినాడు, తుడవొద్దని. నా బిడ్డ కూడా సెప్పింది. ఐనా పోసినా. నీకన్నా నాదే పెద్ద తప్పు. కానీ నా బిడ్డ ఇంకా ఉండాది గదత్తా. నీ సంకలోనే ఉండాది. తలుపు తియ్యి. ఆయన పోతాడు."

అటు పక్క ఏడుపు వినిపించింది. నా పెళ్లయినప్పటి నుంచి మా అత్త ఏడవగా వినడం అదే మొదలు. తర్వాత గడియ తీసిన చప్పుడు.

ఆమె ఒక చంకన ఓబులి, ఇంకో చేత ఆ ఇత్తడి బిందె పట్టుకొని బయటికి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకొని, నన్ను దాటుకొని గబగబా చావడికి నడిచింది. బిందెను నేల మీద బోర్లించి, దాని మీద ఓబులిని కూర్చోబెట్టి, పిల్ల రవిక చేయి పైకి మడిచింది.

"ముందు మా పాపకు వెయ్యప్పా" అంది.

ప్రేమయ్య గొట్టాన్ని అంగీకి తుడిచి వెలుతురుకు ఎత్తి చూశాడు. "మంచిదే అవ్వా. పాలెంలో వేసింది ఇదే మందు" అన్నాడు. నలభై మందికి వస్తుందట. మాకు పదకొండు పోగా మిగిలింది కొత్తపల్లెకు.

మిగతా ఆడవాళ్లు ఇంకా దూరంగానే నిలబడ్డారు. "అమ్మకు కోపం రాదా ఈరక్కా?" అంది తిరుపతమ్మ.

మా అత్త ఆమె వైపు తిరిగి, తన చెంప మీద వేలు పెట్టి చూపించింది. "ఇదో, ఇన్ని గుర్తులు పెట్టి పోయింది నా మొకాన. నాకన్నా ఆమెను ఎరిగినోళ్లు ఈ ఊర్లో ఎవురుండారే? పెద్ద సుట్టం నెల దినాలు ఇంట్లో తిష్టేసి మన పానాలు తీసే బదులు, గడప కాడనే మజ్జిగ తాగి పోతానంటే వద్దంటామా? చేతి మీద నాలుగు పొక్కులతో పోతాదంట. పోనీ. దండం పెట్టి పంపిద్దాం."

అంతకన్నా పెద్ద ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వవలసిన పనీ పడలేదు. ఒక్కొక్కరే పిల్లలతో ముందుకు వచ్చారు. రెడ్డి కూడా తన మనవణ్ణి మళ్లీ పిలిపించాడు. ఆ పిల్లవాడి చేయి ఎవరు కడిగారో ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

టీకా వేయించుకున్న పిల్లలందరినీ చావడి నీడన కూర్చోబెట్టింది మా అత్త. తనే ఒక వేపమండ విరిచి తెచ్చి, ఈగలు వాలకుండా విసురుతూ అటూ ఇటూ తిరిగింది.

"చేయి ఆరేదాకా ఒక్కరు కూడా కదలగూడదు. కదిలినోళ్ల ఈపు ఈ మండతోనే ఇమానం మోగిస్తా" అంది. పిల్లలకూ తల్లులకూ కలిపే ఆ మాట.

అంత చెప్పినా తిరుపతమ్మ కొంగు చివర చిన్న ముడి కనిపించింది. మా అత్త లాగి విప్పితే పసుపు.

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! ఈ పసుపు మొకానికి పూసుకోవే, మొగుడన్నా మెచ్చుకుంటాడు" అని గాలికి ఊదేసింది. అందరూ పకపకా నవ్వారు. తిరుపతమ్మ కూడా నవ్వింది. ప్రేమయ్య అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

పోయే ముందు ఆయనకు మా అత్త మజ్జిగ పోసింది. దోసిట్లోనే పోసింది, గ్లాసు ఇవ్వలేదు. నాకది అప్పుడు తప్పనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తుంది. ఒక పూటలో అన్నీ మారిపోయే మనుషులం కాదు మేం. ఆయన తాగి, మూతి తుడుచుకొని, గోనెపట్టను మళ్లీ తడిపి కుండకు చుట్టుకొని కొత్తపల్లె దారిన సైకిలెక్కాడు. రెడ్డి అర్జీ రాయలేదు.

నాలుగో రోజుకు ఓబులి చేతుల మీద ఎర్రగా చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఏడో రోజుకు నీరు పట్టింది. రెండు రోజులు ఒళ్లు కాలిపోయింది. పిల్ల మూలుగుతుంటే నాకు ఒక పక్క ఏడుపు, ఒక పక్క సంతోషం. జ్వరానికి సంతోషపడ్డ తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా అత్త మాత్రం నిజంగా అమ్మవారు వచ్చినట్టే పాటించింది. గడపకు వేపమండలు కట్టింది, ఇంట్లో తాళింపు వేయనివ్వలేదు, బిచ్చం పెట్టనివ్వలేదు. తొమ్మిది రోజులు తాళింపు లేని పప్పు తిన్నాను. కిక్కురుమంటే ఒట్టు.

ఎనిమిదో రోజు పొద్దున ఓబులి ఆమె ఒడిలో పడుకొని ఉంది. మా అత్త ఆ పొక్కుల పక్కన వేలు పెట్టి, తాకకుండా అలాగే ఉంచింది.

"ఇంతే గదే భీమక్కా" అంది. "ఈ నాలుగే గదే. ఈ నాలుగు రానిచ్చింటే నా బాలికి ఈ పొద్దుకు పెండ్లీడు బిడ్డలు ఉందురు."

ఆ పిల్ల నిన్న పోయినట్టే ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చొని భుజం పట్టుకున్నాను. చెప్పడానికి నాకు మాట దొరకలేదు. నాకు!

ప్రేమయ్య ఆ మధ్యాహ్నం వచ్చి పదకొండు చేతులూ చూశాడు. పదకొండూ లేచాయి. పుస్తకంలో పదకొండు అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. ఆ ఎండాకాలం కొత్తపల్లెలో నాగన్న కొడుకు తర్వాత ఇంకొక పిల్ల పోయింది, అక్కడితో ఆగింది. మా ఊర్లో పెద్దవాళ్లలో ముగ్గురికి అమ్మ పోసింది, ఒక ముసలాయన పోయాడు. పిల్లల్లో ఒక్కరికీ పోయలేదు, పాలెంలో గాని మా వీధిలో గాని. అమ్మ తగ్గేదాకా ఊరి బయటినుంచే మళ్లిపోయిన పెద్దన్న తొలకరికి ఇంటికి వచ్చి, ఓబులి చేతుల మీద ఆరిన మచ్చలు చూసి, "భయం లేదని నేను అప్పుడే సెప్పలే?" అన్నాడు. అసలు సంగతి ఆయనకు చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మరుసటి ఏడు ప్రేమయ్య వస్తున్నాడని తప్పెట మోగకముందే మా అత్త వీధి వీధీ తిరిగి చెప్పొచ్చింది. బాలక్క పేరు కూడా దాచకుండా చెప్పేది. "నేను కడిగి పోగొట్టుకున్యా, మీరు కడగొద్దండి" అనేది. ఆ మాట ముందు ఏ సర్కారు చాటింపూ నిలవదు.

ప్రతి శనివారం ఓబులికి నూనె అంటి తలకు పోసేది కూడా ఆమే. నేను చెంబుతో నీళ్లు పోసేదాన్ని, ఆమె కుంకుడుకాయతో రుద్దేది. నీళ్లు భుజం మీదికి జారేసరికి చేస్తున్న పని ఆపి, ఓబులి చేతుల మీది మచ్చల్ని రెండు అరచేతులతో మూసేది. తడి తగలకుండా పట్టుకొని కూర్చునేది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. ఓబులికి తొమ్మిదేళ్లు వచ్చినా అదే వరస. ఒకనాడు ఇక ఆపుకోలేకపోయాను.

"అత్తా, అది ఆరిపోయి ఆరేండ్లయింది" అన్నాను.

"నాకు తెల్సులేమ్మా. నువ్వు నీళ్లు పొయ్యి" అంది.

చేతులు మాత్రం తీయలేదు. నేను పోశాను.